ముక్కూ, బస్సూ, నాయకుడూ... అందరిదీ ఒకే ‘రన్’ ఎందుకు?

అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రంలోని షామ్‌బర్గ్‌లో పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చే అమ్మానాన్నల్లో ఇంగ్లిష్ బొత్తిగా రానివాళ్లు తక్కువ. బ్యాంకుల్లో, బళ్లలో, కలెక్టరాఫీసుల్లో ముప్ఫయ్యేళ్లు పనిచేసి రిటైరైనవాళ్లే ఎక్కువ. పేపరు చదువుతారు, ఫారాలు వాళ్లే నింపుకుంటారు. పెద్ద పెద్ద మాటలు వాళ్లకు అడ్డం రావు. అడ్డం పడేవి ఒకటో తరగతి మాటలే. మా పెద్దమ్మ అడిగిందీ అలాంటి మాట గురించే.

“మీవాణ్ణి చూసిన డాక్టరమ్మ ‘ముక్కు రన్ అవుతోందా’ అనడిగింది. పక్కింటాయన లేటుగా రన్ అవుతున్నానన్నాడు, చూస్తే హాయిగా కారులో కూర్చుని ఉన్నాడు. ఇంట్లో పాలు రనౌటయ్యాయని నీ కూతురంటోంది. క్రికెట్‌లో రనౌట్ తెలుసు గానీ ఫ్రిజ్‌లో రనౌటేమిటే? ఒక్క మాటకు ఇన్ని అర్థాలు ఎందుకమ్మా? ఎక్కడ ఏదో వీళ్లకు ఎలా తెలుస్తుంది?”

“ముక్కు రన్ కావడమంటే కారడం పెద్దమ్మా. లేటుగా రన్ కావడమంటే ఆలస్యమవుతోందని. పాలేమో అయిపోయాయి.” అప్పటికి అంతే చెప్పగలిగాను. అది అర్థం చెప్పడమే గానీ జవాబు కాదు. ఆవిడ అడిగినవి రెండు ప్రశ్నలు, ఎందుకు అన్నది ఒకటి, ఎలా అన్నది ఒకటి. రెండిటికీ తీరిగ్గా జవాబు చెప్పుకోవాలి. పైగా ఆ జవాబులో సగం మన తెలుగులోనే ఉంది.

ముందు లెక్క చూద్దాం. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు రెండో కూర్పు 1989లో 20 సంపుటాలుగా వచ్చింది. అందులో అన్నిటికన్నా ఎక్కువ చోటు తీసుకున్న మాట ‘సెట్’. క్రియగా దానికి 430 అర్థాలు చెప్పడానికి దాదాపు 60 వేల మాటల వివరణ కావలసి వచ్చింది. తర్వాత మూడో కూర్పు కోసం పాత మాటలన్నిటినీ మొదటినుంచి పరిశీలించడం మొదలుపెట్టారు. ఆ పనిలో ‘రన్’ వంతు వచ్చినప్పుడు పీటర్ గిలివర్ అనే నిఘంటుకారుడు ఆ ఒక్క మాట మీదే దాదాపు తొమ్మిది నెలలు కూర్చున్నారు. క్రియగా ‘రన్’కు ఆయన తేల్చిన అర్థాలు 645. 2011లో ఆ సంగతి పత్రికలకెక్కింది. ‘సెట్’ వెనకబడిపోయింది.

645 అనగానే బెంగపడనక్కర్లేదు. ఓడ సరంగులు, వేటగాళ్లు ఎప్పుడో వాడి వదిలేసిన అర్థాలు కూడా ఆ లెక్కలో ఉంటాయి. పైగా ఒక అర్థం ఎక్కడ ఆగి ఇంకొకటి ఎక్కడ మొదలవుతుందో గీత గీసేది నిఘంటుకారుడు. నది రన్ కావడం, కుళాయి రన్ కావడం ఒకే అర్థమా, రెండా? ఒకరు ఒకటంటారు, ఇంకొకరు రెండంటారు. సంఖ్య కన్నా, అన్ని అర్థాలు ఎలా పుట్టాయన్నదే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

ఒకే మాటకు పది అర్థాలుండటం మనకేమీ కొత్త కాదు. అమరకోశంలో నానార్థాల కోసం ఒక వర్గమే ఉంది. ‘హరి’ అంటే విష్ణువు, సింహం, కోతి, గుర్రం, కప్ప, చిలుక, పాము, సూర్యుడు, చంద్రుడు, గాలి, ఇంకా ఉన్నాయి. ఒకే కావ్యాన్ని రామాయణంగానూ భారతంగానూ చదువుకునేలా పింగళి సూరన 16వ శతాబ్దంలో ‘రాఘవపాండవీయం’ రాశాడు. అయితే అది పండితులు కోరి వెతికి పట్టుకున్న దారి. ‘రన్’ కథ అలాంటిది కాదు. దాన్ని పెంచింది రైతులు, నావికులు, మిల్లు కూలీలు, వంటింట్లో ఆడవాళ్లు, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు. అందుకే దాన్ని అర్థం చేసుకోవడానికి హరి కన్నా మన పల్లెటూరి మాట ఒకటి బాగా పనికొస్తుంది. అది ‘పారు’.

కాలువ పారుతోంది అంటాం. దొంగ పారిపోయాడు అంటాం. ఒకటి నీళ్ల కదలిక, ఇంకొకటి కాళ్ల పరుగు, మాట మాత్రం ఒకటే. పాత తెలుగులో బండి ఱతో రాసిన ‘పాఱు’ అనే క్రియకు పరుగెత్తడం, ప్రవహించడం రెండూ అర్థాలే. ‘రన్’ పుట్టుక కూడా అచ్చం ఇదే. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లోనూ, దాని చుట్టాలైన పాత జర్మన్, నార్స్ భాషల్లోనూ ఈ మాట నీటి ప్రవాహానికీ మనిషి పరుగుకూ కలిపే వాడారు. ఆగకుండా ముందుకు సాగిపోవడం అన్నదే మూలార్థం. కాళ్లున్నాయా లేవా అన్న పట్టింపు దానికి మొదటినుంచీ లేదు. అమెరికాలో వాగును కూడా కొన్నిచోట్ల ‘రన్’ అనే అంటారు. 1861లో అంతర్యుద్ధపు తొలి పెద్ద పోరు జరిగిన వర్జీనియాలోని ‘బుల్ రన్’ ఒక వాగు పేరు. దానికీ ఎద్దుల పరుగుపందేనికీ ఏ సంబంధమూ లేదు.

ఇక్కడినుంచి ‘పారు’, ‘రన్’ చాలా దూరం పక్కపక్కనే వెళ్తాయి. చూపు పారినంత మేర పొలాలే అంటాం. ఇంగ్లిష్‌వాళ్లు రోడ్డు ఊరి చివరిదాకా రన్ అవుతుందంటారు. చూపూ కదలదు, రోడ్డూ కదలదు, వాటి వెంట మన ఆలోచన కదులుతుంది. పాచిక పారింది అంటాం, అంటే ఎత్తు ఫలించిందని. పని జరగడమనే ఆ అర్థం ఇంగ్లిష్‌లో యంత్రాలదాకా వెళ్లింది. గొర్రెల కాపరులకు ‘పారుడు’ రోగం తెలుసు. పశువుల డాక్టర్లు పీపీఆర్ అనే ఆ జబ్బులో జీవాలకు ఆగకుండా విరేచనాలవుతాయి. ఇంగ్లిష్‌లో విరేచనాలకు ఇంట్లో వాడుకునే మాట ‘రన్స్’. పల్నాటి కాపరికీ ఇల్లినాయ్ తల్లికీ తోచిన పోలిక ఒకటే.

ఇంకొకటి. ఎండకు ముఖం నల్లబారింది, ఏడ్చి కళ్లు ఎర్రబారాయి, నేల బీటలుబారింది. ఇక్కడి ‘బారు’ కూడా ఆ ‘పాఱు’ రూపమే. ప్రవాహం పోయింది, పరుగు పోయింది, ఒక స్థితిలోకి చేరడం అన్న అర్థం మాత్రం మిగిలింది. బావి ఎండిపోతే ఇంగ్లిష్‌లో ‘రన్ డ్రై’ అంటారు. సరుకు తగ్గితే ‘రన్ లో’. ఆలస్యమైతే ‘రన్ లేట్’. పక్కింటాయన కారులో కూర్చుని లేటుగా రన్ అవడంలో వింత లేదు. ముఖం నల్లబారినట్టే ఆయన టైము లేటుబారింది.

కృష్ణా డెల్టాలో పుట్టినదాన్ని కాబట్టి నాకు ఇది కాలువల మాదిరిగా కనిపిస్తుంది. బెజవాడ దగ్గర విడిచిన నీళ్లు పెద్ద కాలువలోకి, దాన్నుంచి పిల్లకాలువలోకి, అక్కణ్ణుంచి బోదెలోకి, చివరికి మడిలోకి వస్తాయి. మడి చివర నిలబడ్డ రైతుకు బెజవాడ కనపడదు, తన బోదె ఒక్కటే కనపడుతుంది. బోదెకూ బోదెకూ నేరుగా సంబంధం ఉండదు, పైకి వెళ్లి కలవాల్సిందే. ‘రన్’ అర్థాలూ అంతే. కారే ముక్కుకూ ఎన్నికల్లో పోటీ చేసే నాయకుడికీ మధ్య నేరుగా సంబంధం వెతికితే దొరకదు. ముక్కు ప్రవాహం వైపు నుంచి వచ్చింది, నాయకుడు పరుగుపందెం వైపు నుంచి వచ్చాడు.

ఇప్పుడు యంత్రాల దగ్గరికి వద్దాం. ‘రన్’ అర్థాలు ఇన్ని కావడంలో పెద్ద వాటా వీటిదే. ‘ప్రొఫెసర్ అండ్ ది మ్యాడ్‌మ్యాన్’ పుస్తకంతో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కథను లోకానికి చెప్పిన సైమన్ వించెస్టర్ కూడా, 645 సంగతి బయటికొచ్చినప్పుడు దీన్నే ఎత్తిచూపారు. ఆవిరి యంత్రం వచ్చింది, మిల్లు వచ్చింది, రైలు వచ్చింది, కరెంటు వచ్చింది, కంప్యూటర్ వచ్చింది. వచ్చిన ప్రతి యంత్రాన్నీ ఇంగ్లిష్‌వాళ్లు ‘రన్’ చేశారు. మనం ఏం చేశాం? నడిపాం.

బస్సు నడుస్తోంది. గడియారం నడవడం లేదు. కొట్టు బాగానే నడుస్తోంది. బడి నడుపుతున్నారు, పత్రిక నడుపుతున్నారు, సంసారం నడపడం కష్టంగా ఉంది, వాళ్ల పెత్తనం నడుస్తోంది. వీటిలో ప్రతిచోటా ఇంగ్లిష్‌లో ‘రన్’ పెట్టవచ్చు. వాళ్ల యంత్రాలు పరిగెత్తితే మనవి నడుస్తాయి, రెండూ చేసే పని ఒకటే. హిందీవాళ్లదీ మన దారే, వాళ్ల దుకాణాలు, బళ్లు, ఫ్యాన్లు అన్నీ ‘చల్‌తీ హై’. తమిళులు మాత్రం ఇంగ్లిష్‌వాళ్ల వైపున్నారు. ‘ఓడు’ అంటే వాళ్లకు పరుగు. యంత్రం ఓడుతుంది, బస్సు ఓడుతుంది, సినిమా కూడా ఓడుతుంది. చెన్నైలో సినిమా ‘ఓడుదు’ అంటే బాగా ఆడుతోందని అర్థం. అది విని తెలుగువాడు సినిమా పోయిందనుకుంటే తప్పు అతనిది కాదు. సినిమా దగ్గర మాత్రం మనం నడకా వదిలి, పరుగూ వదిలి, ‘ఆడటం’ ఎంచుకున్నాం.

ఈ ఊరి పేరులోనే ఇంకొక సాక్ష్యం ఉంది. షామ్‌బర్గ్ జర్మన్ పేరు. 1840లలో జర్మనీలోని షౌంబుర్గ్ ప్రాంతంనుంచి వచ్చిన లూథరన్ రైతులు ఇక్కడి గడ్డి మైదానాలను దున్ని స్థిరపడ్డారు. 1847లో సెయింట్ పీటర్ లూథరన్ సంఘాన్ని స్థాపించుకున్నారు, 1850లో టౌన్‌షిప్‌కు తమ సొంతగడ్డ పేరే పెట్టుకున్నారు. జర్మన్‌లో ‘లౌఫెన్’ అని ఒక క్రియ ఉంది. యంత్రం లౌఫెన్, సినిమా లౌఫెన్, ముక్కు కూడా లౌఫెన్. మరి లౌఫెన్ అంటే పరుగా, నడకా? రెండూ! పరుగుపందెంలో అదే మాట, బస్సు దొరక్క కాళ్లీడ్చుకుంటూ ఇంటికి నడిచి వెళ్లినా అదే మాట. మన ‘నడుచు’, ఇంగ్లిష్‌వాళ్ల ‘రన్’ వేరు వేరు చోట్ల మొదలై ఒకే దారిలో ఎందుకు కలిశాయో జర్మన్ చూస్తే తెలుస్తుంది. వేగం సంగతి ఎవరికీ పట్టలేదు. కావలసిందల్లా ఆగకుండా సాగడం.

1976లో మోటరోలా తన ప్రధాన కార్యాలయాన్ని షామ్‌బర్గ్‌కు తెచ్చుకుంది. ఎలక్ట్రానిక్స్, సాఫ్ట్‌వేర్ కొలువులు ఈ చుట్టుపక్కలకు రావడంతో మనవాళ్లూ వచ్చారు. వాళ్ల రోజంతా ‘రన్’తోనే గడుస్తుంది: కోడ్ రన్ చెయ్యి, టెస్ట్ రన్ అయిందా, రాత్రి రన్ ఫెయిలయింది. ఆ ఇళ్లకు వచ్చిన పెద్దవాళ్లకు ఎక్కువగా వినపడేది ఈ రన్నే.

ఇంతకీ అసలు ‘ఎందుకు’? ప్రతి కొత్త సంగతికీ ఒక కొత్త మాట పుట్టించుకోవచ్చు కదా?

పుట్టించుకోవచ్చు, కానీ జనం అలా చేయరు. రైలు మన ఊరికి వచ్చిన రోజున అది చేసే పనికి ఎవరూ కొత్త క్రియ కనిపెట్టలేదు. అప్పటికే చేతిలో ఉన్న ‘నడుచు’ తీసి వాడుకున్నారు. కొత్త మాట పుట్టిస్తే అవతలివాడికి నేర్పాలి. పాత మాటనే కొంచెం సాగదీస్తే అతను తనంతట తనే అందుకుంటాడు. ఒకే మాట ఇలా పలు అర్థాలు మొయ్యడాన్ని ఫ్రెంచి భాషావేత్త మిషెల్ బ్రెయాల్ 1897లో ‘పాలిసెమీ’ అన్నాడు. అది భాషకు పట్టిన జబ్బు కాదనీ, నాగరికత పెరిగినకొద్దీ మాటలకు అర్థాలు చేరతాయనీ ఆయన చెప్పాడు. అమెరికాలో హార్వర్డ్‌లో పనిచేసిన జార్జ్ కింగ్స్‌లీ జిఫ్ 1945లో దీనికి ఒక లెక్క కట్టాడు. ఒక మాటను ఎంత తరచుగా వాడితే దానికి అన్ని ఎక్కువ అర్థాలుంటాయి. ఉజ్జాయింపుగా, నాలుగు రెట్లు ఎక్కువగా వాడే మాటకు రెండు రెట్లు అర్థాలు. చెప్పేవాడికి తక్కువ మాటలతో పని జరగాలి, వినేవాడికి ప్రతి సంగతికీ వేరు మాట ఉండాలి. ఆ ఇద్దరి లాగులాటలో భాష ఎక్కడో మధ్యన నిలబడుతుందని జిఫ్ నమ్మాడు. నాకు ఇది నిజమనే అనిపిస్తుంది. అమ్మ వంటింట్లోంచి ‘అది కాస్త అందుకో’ అంటే ఏది అందుకోవాలో ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది కదా.

సాగదీసిన మాట పాత అర్థాన్ని ఎంతగా వదిలేస్తుందో చూడాలంటే ఆటస్థలానికి వెళ్లాలి. క్రికెట్‌లో మొదట పరుగంటే నిజంగా పరుగే, 22 గజాలు అటునుంచి ఇటు. ఆ రోజుల్లో ఒక్కో పరుగుకు కర్ర మీద ఒక గాటు పెట్టేవారు, లెక్కను కూడా గాట్లలోనే చెప్పేవారు. ఇప్పుడు బ్యాటర్ బంతిని స్టాండ్స్‌లోకి కొట్టి బ్యాటు మీద ఆనుకుని నిలబడతాడు. ఒక్క అడుగు వేయడు. తెలుగు పత్రిక మర్నాడు ‘ఆరు పరుగులు’ అని రాస్తుంది, చదివినవాళ్లెవరికీ తేడాగా అనిపించదు. కాళ్లతో తీసే పరుగు లెక్కపెట్టే పరుగైపోయింది. అంటే అర్థం పక్కకు జరగడమన్నది మన భాషలో, మన కళ్లముందే, ఏ నిఘంటువుకూ చెప్పకుండానే జరిగిపోయింది. షామ్‌బర్గ్‌లో బూమర్స్ అనే బేస్‌బాల్ జట్టు 2012 నుంచి ఆడుతోంది. వాళ్ల ఆటలో ఒక్క రన్ రావాలంటే మనిషి నాలుగు మజిలీలు, ఒక్కొక్కటి 90 అడుగులు, చుట్టి మొదటి చోటికే రావాలి. అక్కడ ‘రన్’ అంటే ఇల్లు చేరడం. బంతి కంచె దాటితే ‘హోం రన్’, అప్పుడు ఆటగాడు ఏ తొందరా లేకుండా జాగింగ్ చేస్తూ తిరిగొస్తాడు. మాట ఒకటే అయినా ఆట మారేసరికి దాని కొలతే మారిపోయింది. క్రికెట్ తెలిసిన మన నాన్నలు బూమర్స్ ఆటకు వెళ్లి, ఇంతసేపు ఆడి మూడు రన్లేనా అని ఆశ్చర్యపోవడం సహజమే.

ఎన్నికల మాట ఇంకా ఆసక్తికరం. షామ్‌బర్గ్ జనాభా 2020 లెక్కల్లో 78 వేలు దాటింది. అయినా 1956లో స్థానిక సంస్థగా ఏర్పడినప్పుడు చట్టం ఇచ్చిన పేరు ‘విలేజ్’, ఇప్పటికీ అది విలేజే. దానికొక ప్రెసిడెంటు, ట్రస్టీల బోర్డు ఉంటారు. ఆ పదవికి పోటీ చేసేవాళ్లు ‘రన్’ అవుతారు. ఇంగ్లండులో అయితే ‘స్టాండ్’ అవుతారు, అంటే నిలబడతారు. మన పంచాయతీల్లోనూ సర్పంచ్ పదవికి నిలబడతారే తప్ప ఎవరూ పరిగెత్తరు. నిలబడటంలో ‘నన్ను చూసి ఎంచుకోండి’ అన్న భావం ఉంది, పరిగెత్తడంలో ‘నేనే ముందు చేరతాను’ అన్న భావం ఉంది. పోటీని ఏ వైపునుంచి చూస్తామన్నదే తేడా. బరిలో ఒక్కరే ఉంటే ఇక్కడ ‘రన్ అనపోజ్డ్’ అంటారు, మనకేమో ఏకగ్రీవం.

ఇక పాల రనౌట్ సంగతి. ఇంగ్లిష్ క్రియ వెనక ‘ఔట్, ఇన్‌టు, ఓవర్, త్రూ, బై’ లాంటి చిన్న మాట చేరితే అర్థం తిరిగిపోతుంది. పెద్దవాళ్లను నిజంగా ఇబ్బంది పెట్టేవి ఇవే, ఎందుకంటే విడివిడిగా రెండు మాటలూ తెలిసే ఉంటాయి. రన్ ఔట్ అంటే అయిపోవడం, రన్ ఓవర్ అంటే బండి కింద పడెయ్యడం, రన్ త్రూ అంటే ఒకసారి మొదటినుంచి చివరిదాకా చూసుకోవడం, రన్ బై అంటే ఒక మాట చెవిన వెయ్యడం. మన దగ్గర ఈ పని చిన్న క్రియలు చేస్తాయి. ‘అయింది’ వేరు, ‘అయిపోయింది’ వేరు. పాలు పోసెయ్యడం వేరు, పాలు పోయించుకోవడం వేరు. ‘అయిపోయింది’లో ‘పోవడం’ ఎక్కడికి అని మనమెప్పుడూ అడగలేదు. ‘రన్ ఔట్’లో పాలు ఎక్కడికి పరిగెత్తాయని ఇక్కడి పిల్లలూ అడగరు.

‘రన్ ఇన్‌టు’ ఒక్కటి జాగ్రత్తగా వినాల్సినది. ఇంట్లో పిల్లాడు వుడ్‌ఫీల్డ్ మాల్ దగ్గర టీచర్ని ‘రన్ ఇన్‌టు’ అయ్యానంటే పెద్దవాళ్ల గుండె గుభేలుమంటుంది, కారుతో గుద్దాడా అని. దానికి గుద్దడమనే అర్థం ఉన్న మాటా నిజమే, అనుకోకుండా కలవడమనే అర్థమూ ఉంది. ఇది మరీ వింతగా తోస్తే, ‘నిన్న బజార్లో మీ తమ్ముడు తగిలాడు’ అన్న మాట గుర్తు తెచ్చుకోండి. కాలికి రాయి తగలడం, దారిలో మనిషి తగలడం మనకూ ఒకటే మాట. దెబ్బ ఎవరికీ తగల్లేదు, కలిశారు, అంతే.

రెండో ప్రశ్న, ఏది ఏదో ఎలా తెలుస్తుందన్నది. ఒక మాట వినగానే మెదడులో ఏం జరుగుతుందో 1979లో డేవిడ్ స్విన్నీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరీక్షించి చూశాడు. ‘బగ్’ అనే మాట తీసుకున్నాడు. దానికి పురుగు అనీ, రహస్యంగా వినే పరికరం అనీ రెండర్థాలు. వాక్యం పురుగునే సూచిస్తున్నా, మాట చెవిన పడిన క్షణంలో రెండర్థాలూ మేలుకుంటున్నాయని తేలింది. సెకనులో కొద్ది వంతు గడిచేసరికి వాక్యానికి నప్పనిది సద్దుమణుగుతోంది. వినేవాడికి ఈ వడపోత జరిగినట్టే తెలియదు. జెన్నీ రాడ్, ఆమె సహచరులు 2002లో చేసిన పరిశోధన ఇంకొక ముడి విప్పింది. ఒకే రూపంలో ఉన్న రెండు వేరే మాటలు, మన ‘పాలు’ ఉందే, ఆవు పాలు, ఆస్తిలో పాలు, అలాంటివి గుర్తుపట్టడానికి మెదడుకు కాస్త ఆలస్యమవుతుంది. ఒకే మూలం నుంచి పాయలైన అర్థాలుంటే మాత్రం ఆ మాటను ఇంకా త్వరగా గుర్తుపడుతుంది. ‘రన్’ ఈ రెండో రకంది. చుట్టాలైన అర్థాలు ఎన్నున్నా అవి బరువు కావు.

మరి ఆ భాషలో పుట్టనివాళ్ల సంగతి? నేను పెద్దమ్మకు చెప్పిన ఉపాయం ఇది: ‘రన్’ వినపడితే దాని అర్థం గురించి ఆలోచించకు, రన్ అయ్యేది ఎవరు, ఏమిటి అని మాత్రం అడుగు. ముక్కో కుళాయో రంగో అయితే కారడం. దుకాణమో బస్సో ఏసీయో అయితే నడవడం. మనిషి, పక్కన ‘ఫర్’ అని ఒక పదవి ఉంటే పోటీ. జబ్బు, పక్కన కుటుంబం ఉంటే వంశంలో ఉందని. షుగరు మీ ఫ్యామిలీలో రన్ అవుతుందా అని ఇక్కడి డాక్టర్లు అడిగేది ఇదే. జ్వరం అయితే ఒళ్లు కాలడం. దోసెల పిండినో గుడ్డు సొననో ‘రన్నీ’ అంటే జారుగా ఉందని. మాట ఎప్పుడూ ఒంటరిగా రాదు, పక్కన ఇంకొకటి ఉండే ఉంటుంది. ఆ పక్కమాటే అర్థాన్ని చేతిలో పెడుతుంది. ఒక్కోసారి అదీ చాలదు. ‘షి రన్స్ ది ప్రోగ్రాం’ అంటే ఆమె సాఫ్ట్‌వేర్ నడుపుతోందా, లైబ్రరీలో పిల్లల కార్యక్రమం నిర్వహిస్తోందా అన్నది ఇక్కడ పుట్టినవాళ్లకైనా అడిగితే గానీ తెలియదు. అడగడంలో నామోషీ లేదు.

చిన్నపిల్లల్ని చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. షామ్‌బర్గ్ పిల్లలెవరూ 645 అర్థాలు నేర్చుకోరు. ‘రన్నింగ్ లేట్’ను ఒక ముద్దగా వింటారు, ఒక ముద్దగా అంటారు. మూలం ‘పరుగు’ అని వాళ్లకు తట్టనే తట్టదు. అదే పిల్లలు తెలుగు దగ్గరికి వచ్చేసరికి పెద్దమ్మ ప్రశ్నే అడుగుతారు. సిలికానాంధ్ర 2007లో మొదలుపెట్టిన ‘మనబడి’ తరగతులు ఇప్పుడు అమెరికా అంతటా ఉన్నాయి. అక్కడ చదివే పిల్లలకు ‘పడు’ అంటే ఫాల్ అని చెబితే చాలదు. వర్షం పడింది, సరే. డబ్బు అకౌంట్లో పడింది, ఓటు పడింది, సీరియల్ మొదట్లో పేర్లు పడ్డాయి, నాకు ఆ వంకాయ పడదు, వాడు భయపడ్డాడు, కష్టపడ్డాడు, చివరికి గట్టునపడ్డాడు, ఇద్దరికీ పడటం లేదు. వీటిలో నిజంగా కింద పడింది వర్షం ఒక్కటే. బాధపడటంలో ఎవరూ ఎక్కడినుంచీ పడలేదని ఎనిమిదేళ్ల పిల్లకు చెప్పి చూడండి, మన భాష ఎన్ని కాలువలు తవ్వుకుందో అప్పుడు అర్థమవుతుంది. నన్నడిగితే, ‘పడు’ పిల్లలకు చెప్పే అమ్మమ్మ, ‘రన్’ అమ్మమ్మకు చెప్పే మనవరాలు పక్కపక్కన కూర్చుంటే ఇద్దరికీ పాఠం సగం శ్రమతో పూర్తవుతుంది.

చివరగా, ‘రన్’ మన తెలుగులోకి కూడా వచ్చేసింది, కానీ మొత్తంగా రాలేదు. కొన్ని పాయలు మాత్రమే వచ్చాయి. రన్ రేట్, రనౌట్ క్రికెట్‌తో వచ్చాయి. రన్నింగ్ బస్సు ఎక్కొద్దని కండక్టరు కేకలేస్తాడు. లిఫ్ట్ పథకం మోటార్లకు ట్రయల్ రన్ చేస్తారు. 2020 డిసెంబరు చివర్లో కృష్ణా జిల్లాలో కోవిడ్ టీకాకు ‘డ్రై రన్’ జరిపినప్పుడు ఆ మాట పల్లెటూళ్ల ఆరోగ్య కేంద్రాలదాకా వెళ్లింది. సినిమావాళ్లకు ఫుల్ రన్ కలెక్షన్లున్నాయి. ఇవన్నీ ఆటా, యంత్రం, వాటి లెక్కలు. మనకు ఇంటి మాట ఉన్న చోట ‘రన్’ను రానివ్వలేదు. ఇంట్లో కుళాయి కారుతోంది, కాలువ పారుతోంది, కొట్టు నడుస్తోంది, సరుకులు అయిపోతున్నాయి. ఆ నాలుగు మాటలకూ కలిపి ఇంగ్లిష్‌లో ఒకటే ఉంది, అంతే తేడా.